పాఠకుల ప్రశ్నలు: విజయవాడకు విమానమా, కారా?

సంక్రాంతి ముందు వచ్చే ఉత్తరాల కట్టలో ప్రయాణాల ప్రశ్నలు ఎక్కువగా ఉండడం ఏటా చూస్తున్నదే. ఈసారి మాత్రం వాటిలో చాలావరకు ఒకే సందేహం చుట్టూ తిరిగాయి: రెండు ఊళ్ల మధ్య దూరం ఎంత, దానిని దాటడానికి అసలు పట్టే సమయం ఎంత. అందుచేత మిగతా ప్రశ్నలను వచ్చే సంచికకు వాయిదా వేసి, చోటంతా వీటికే ఇస్తున్నాం.

ప్రశ్న: మా పుట్టిల్లు విజయవాడలోని పటమట. విమానం టికెట్ మీద గంట ప్రయాణం అని ఉంటుంది. కారులో అయిదు గంటలు. అయినా మావారు "రెండూ ఒకటే" అంటూ ప్రతిసారీ కారే తీస్తారు. ఇది డబ్బు మిగుల్చుకోవడానికి చెప్పే మాటా, నిజంగా ఇందులో లెక్క ఉందా?
— గృహిణి, ఉప్పల్

జవాబు: మీవారి మాటలో లెక్క ఉంది. అయితే ఆ లెక్క ఉప్పల్‌కు కుదురుతుంది కానీ గచ్చిబౌలికి కుదరదు.

టికెట్ మీద కనిపించే ఆ గంట, శంషాబాద్‌లో విమానం తాను నిలిచిన చోటు నుంచి కదిలినప్పటి నుంచి గన్నవరంలో ఆగేదాకా పట్టే సమయం మాత్రమే. మీరు ఉప్పల్‌లో ఇంటికి తాళం వేసినప్పటి నుంచి పటమటలో మీ అమ్మగారి గుమ్మం ఎక్కేదాకా పట్టే సమయం ఏ టికెట్ మీదా ఉండదు. క్రితం చలికాలం పటమటలోనే ఒక గృహప్రవేశానికి నేను విమానంలోను, మా తమ్ముడి కొడుకు కారులోను నాచారం నుంచి ఒకే ఉదయం బయలుదేరాం. పందెం వేసుకున్నాం కాబట్టి గడియారం చూసి చిన్న పుస్తకంలో రాసుకుంటూ వెళ్లాను. ఇంటి ముందు క్యాబ్ కదిలింది 5.15కు. ఎల్బీనగర్, చాంద్రాయణగుట్ట మీదుగా విమానాశ్రయం చేరేసరికి 6.25. పెట్టె అప్పగించి, భద్రతా తనిఖీ దాటి కూర్చునేసరికి 7.05. అక్కడి నుంచి విమానంలోకి పిలిచేదాకా యాభై నిమిషాలు ఒక కాఫీతో గడిపాను. ఆ కాఫీ ధర ఇక్కడ రాయను. 8.30కి బయలుదేరవలసిన విమానం నేలను వదిలింది 8.42కు, గన్నవరంలో నేలను తాకింది 9.28కి. అంటే నేను గాలిలో ఉన్నది 46 నిమిషాలు. పెట్టె చేతికి వచ్చేసరికి 9.50, పటమటలో దిగేసరికి 10.25. మొత్తం అయిదు గంటల పది నిమిషాలు. మావాడు 5.30కి బయలుదేరి, నార్కట్‌పల్లిలో ఇడ్లీకి 25 నిమిషాలు ఆగి, 10.40కి చేరాడు. వాడికి పట్టిందీ అయిదు గంటల పది నిమిషాలే. పందెం ఎవరు గెలిచినట్టో ఇంతవరకు తేలలేదు.

ఈ చిట్టాలో గమనించవలసింది గాలిలోని 46 నిమిషాలను కాదు, నేల మీద పోయిన నాలుగు గంటల పైచిలుకు సమయాన్ని. ఇంటి నుంచి విమానాశ్రయానికి, అక్కడ తనిఖీలకు, నిరీక్షణకు, దిగాక పెట్టెకు, మళ్లీ ఊళ్లోకి పట్టే ఈ సమయం మీరు విజయవాడ వెళ్లినా ఢిల్లీ వెళ్లినా పెద్దగా మారదు. ఢిల్లీకి రోడ్డు మార్గం 1,500 కిలోమీటర్లు దాటుతుంది కాబట్టి, రెండుంపావు గంటల విమానానికి ఈ నాలుగు గంటలు చేర్చినా మీకు ఒక రోజుకు పైగా కలిసివస్తుంది. విజయవాడ హైదరాబాద్‌కు 275 కిలోమీటర్లే కావడంతో, మధ్యలో ఆగడంతో కలిపి గంటకు సగటున 55 కిలోమీటర్లు నడిచే కారు ఆ నాలుగు గంటల్లోనే సూర్యాపేట, కోదాడ దాటిపోతుంది. నా అంచనాలో మూడు వందల కిలోమీటర్ల లోపైతే కారుకు, నాలుగు వందలు దాటితే విమానానికి మొగ్గు చూపాలి. ఆ రెంటి మధ్య దూరాలకు మీ ఇల్లు నగరంలో ఏ మూల ఉందన్నదే తీర్పు చెబుతుంది.

ఇంటి సంగతి ఎందుకంటే, మీరు ఉప్పల్ నుంచి ఎల్బీనగర్ చేరితే విజయవాడ రోడ్డు మీ ముందే ఉంటుంది, శంషాబాద్ మాత్రం నగరానికి అవతలి కొసన ఉంటుంది. గచ్చిబౌలి వారికి ఇది పూర్తిగా తలకిందులు. వారు బాహ్యవలయ రహదారి ఎక్కితే అరగంటకు అటూ ఇటూగా విమానాశ్రయంలో ఉంటారు. కారులో విజయవాడ పోవాలంటే అదే వలయం మీద శంషాబాద్ దాటి పెద్ద అంబర్‌పేట దాకా వెళ్లాకగాని అసలు రోడ్డు మొదలుకాదు. ఒకే నగరంలో ఉన్న రెండిళ్లకు విజయవాడ ఒకే దూరంలో లేదన్నమాట.

పండగ రోజులకు ఈ లెక్క ఏదీ పనికిరాదు. సంక్రాంతికి రెండు మూడు రోజుల ముందు చౌటుప్పల్ దగ్గరి పంతంగి టోల్ ప్లాజా వద్ద కార్లు ఎలా బారులు తీరుతాయో మీకు చెప్పనక్కరలేదు. ఫాస్టాగ్ తప్పనిసరి అయిన 2021 తరవాత కూడా ఆ బారులు తగ్గాయే గాని పోలేదు. అప్పుడు విమానమే మేలు అనుకుంటే, జనవరి తెల్లవారుజామున గన్నవరంలో కమ్మే పొగమంచు వల్ల మొదటి విమానాలు ఆలస్యం కావడం కూడా మామూలే. పండగకు వెళ్లేటట్లయితే తెల్లవారకముందు కారులో గాని, మంచు విడిచాక ఉండే విమానంలో గాని బయలుదేరండి.

ప్రశ్న: విశాఖపట్నానికి దూరం ఎంత అని చూస్తే ఒకచోట 503, ఒకచోట 620, రైలుకు 699 కిలోమీటర్లు అని ఉంది. మరోచోట 313 మైళ్లు, ఇంకోచోట 272 నాటికల్ మైళ్లు అని ఉంది. ఈ అయిదింటిలో ఏది నిజం?
— విశ్రాంత ఉద్యోగి, వారాసిగూడ

జవాబు: అయిదూ నిజమే. మొదట మైళ్ల సంగతి తేల్చేద్దాం. 503 కిలోమీటర్లు, 313 మైళ్లు, 272 నాటికల్ మైళ్లు, ఈ మూడూ ఒకే దూరానికి మూడు కొలతలు. మామూలు మైలు 1.609 కిలోమీటర్లు, నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లు. ఓడలకు, విమానాలకు ఈ రెండో కొలత ఎందుకంటే, భూమి మీద ఒక డిగ్రీ అక్షాంశాన్ని అరవై భాగాలు చేస్తే వచ్చే ఒక్కో భాగం దాదాపు అంతే పొడవు ఉంటుంది కాబట్టి పటం మీద కొలవడం సులువు. మన పెద్దలు నాలుగు క్రోసులు ఒక ఆమడ అన్నారు కానీ ఆ క్రోసు ప్రాంతాన్ని బట్టి మారేది. ఈ కొలతలకు ఆ చిక్కు లేదు.

ఇక 503కు, 620కి తేడా ఎందుకు వచ్చిందో పటం ముందు పెట్టుకుంటే ఇట్టే తెలుస్తుంది. హైదరాబాద్ సుమారు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంటే, విశాఖ సుమారు 17.7 డిగ్రీల మీద ఉంది. అంటే విశాఖ మనకు దాదాపు నేరుగా తూర్పున ఉంది. కాకి వెళ్లినట్టు వెళ్తే ఖమ్మం జిల్లా, భద్రాచలం పరిసరాలు, ఆ పైన తూర్పు కనుమల మన్యం దాటి విశాఖ చేరతాం. ఆ కొండల్లోంచి, ఆ గోదావరి మీదుగా తిన్నగా పోయే పెద్ద రోడ్డు లేదు. అందువల్ల మనం ముందు ఆగ్నేయంగా విజయవాడకు దిగి, అక్కడి నుంచి ఏలూరు, రాజమహేంద్రవరం మీదుగా తీరం వెంబడి మళ్లీ పైకి ఎక్కుతాం. విల్లు వంచినట్టు ఉండే ఆ వంపు విలువే నూట పదిహేడు కిలోమీటర్లు. రైలు ఇంకొక మెలిక తిరుగుతుంది. 2023 జనవరి 15న మొదలైన సికింద్రాబాద్–విశాఖ వందే భారత్‌ను చూడండి: సికింద్రాబాద్ నుంచి ఈశాన్యంగా కాజీపేట, వరంగల్ దాకా పోయి, అక్కడి నుంచి దక్షిణంగా ఖమ్మం మీదుగా విజయవాడకు దిగి, ఆ తరవాతే విశాఖ దారి పడుతుంది. 699 కిలోమీటర్లు అందుకే. అంత చుట్టు తిరిగినా ఎనిమిదిన్నర గంటల్లో చేరుస్తుంది కాబట్టి, కారులో పదకొండు పన్నెండు గంటలు కూర్చోవడం కన్నా ఈ చుట్టే నయమని నా అభిప్రాయం.

విమానమైతే గంటంబావు. ఇళ్ల మధ్య లెక్క వేస్తే అయిదున్నర గంటలకు మించదు. విశాఖ పాత విమానాశ్రయం ఎన్‌ఏడీ కూడలికి దగ్గరలోనే ఉంది కాబట్టి దిగాక పట్టే సమయం తక్కువ. భోగాపురంలో దిగవలసి వస్తే మాత్రం అది విశాఖకు నలభై కిలోమీటర్ల పైబడి దూరం, కనుక లెక్కలో మరో గంట వేసుకోండి. మీకు వచ్చిన అయిదు అంకెల్లో ఈ గంట ఎక్కడా కనిపించదు.

ప్రశ్న: ఒక ఊరికి గంటకు 60 కి.మీ. వేగంతో వెళ్లి, 40 కి.మీ. వేగంతో తిరిగి వస్తే సగటు వేగం 50 అని రాశాను. మా సార్ 48 అని దిద్దారు. ఎలా?
— తొమ్మిదో తరగతి విద్యార్థి, కూకట్‌పల్లి

జవాబు: మీ సార్ దిద్దిందే సరి. ఊరు 120 కిలోమీటర్ల దూరంలో ఉందనుకో. వెళ్లడానికి రెండు గంటలు, రావడానికి మూడు గంటలు, మొత్తం 240 కిలోమీటర్లకు అయిదు గంటలు. 240ని 5తో భాగిస్తే 48. నెమ్మదిగా పోయిన వేగంతో నువ్వు ఎక్కువ సేపు గడిపావు కాబట్టి సగటు అటువైపు లాగుతుంది. ఈ లెక్క మీ నాన్నగారికి కూడా చూపించు. రద్దీలో గంటకు 20 వేగంతో నగరం దాటడానికి 20 కిలోమీటర్లకు గంట పోగొట్టుకున్న మనిషి, తరవాతి 200 కిలోమీటర్లు 80కి బదులు 100తో నడిపినా తిరిగి సంపాదించేది అరగంటే. నాలుగు వరుసల జాతీయ రహదారి మీద కార్లకు 100 గరిష్ఠ పరిమితి కూడాను. అరగంట ముందు నిద్ర లేవడం ఇంతకన్నా తేలిక.

ప్రశ్న: మా అబ్బాయి దుబాయ్ టికెట్ మీద హైదరాబాద్‌లో ఉదయం 10 గంటలకు బయలుదేరి మధ్యాహ్నం 12.30కు దిగుతాడని ఉంది. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం 2 గంటలకు ఎక్కితే రాత్రి 7 గంటలకు దిగుతాడట. వెళ్లడానికి రెండున్నర, రావడానికి అయిదు గంటలా?
— ఒక తల్లి, మలక్‌పేట

జవాబు: టికెట్ మీద ప్రతి సమయమూ ఆ ఊరి గడియారం ప్రకారమే ఉంటుందమ్మా. దుబాయ్ గడియారం మనకన్నా గంటన్నర వెనక నడుస్తుంది. మీవాడు దిగినప్పుడు అక్కడ 12.30 అయితే మీ వంటింటి గడియారంలో 2 గంటలు. అంటే వెళ్లడానికి నాలుగు గంటలు. తిరిగి ఎక్కినప్పుడు అక్కడ 2 అయితే ఇక్కడ 3.30; ఏడింటికి దిగుతాడు కాబట్టి రావడానికి మూడున్నర గంటలు. మీరు అనుకున్నదానికి ఇది సరిగ్గా తిరగబడింది: వెళ్లడమే ఎక్కువ, రావడమే తక్కువ.

గంటన్నర తేడా ఎక్కడిదంటే, మన దేశపు సమయాన్ని 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం ప్రకారం లెక్కిస్తారు. అది మన కాకినాడకు దగ్గరగా పోతుంది. దుబాయ్ సమయం 60 డిగ్రీల రేఖాంశం ప్రకారం. మధ్యలో ఉన్నది ఇరవై రెండున్నర డిగ్రీలు, పదిహేను డిగ్రీలకు ఒక గంట చొప్పున గంటన్నర. ఇక ఆ అరగంట తేడా గాలి వల్ల. విమానాలు ఎగిరే ఎత్తులో, ముఖ్యంగా చలికాలంలో, పడమటి నుంచి తూర్పుకు బలమైన గాలులు వీస్తాయి. సుమారు 2,550 కిలోమీటర్ల ఆ దారిలో వెళ్లేటప్పుడు ఎదురు గాలి, వచ్చేటప్పుడు వెనక గాలి. అబ్బాయికి ఫోన్ చేసేటప్పుడు మాత్రం గంటన్నర గుర్తుంచుకోండి. మీరు ఉదయం ఆరింటికి పూజ ముగించి ఫోన్ చేస్తే అక్కడ నాలుగున్నరే.

ప్రశ్న: జెట్ విమానం వేగం గంటకు 800 కి.మీ. పైన అంటారు. శంషాబాద్ నుంచి బెంగళూరు విమానాశ్రయం 455 కి.మీ. మరి అరగంట పైచిలుకులో చేరవలసింది, గంటంబావు ఎందుకు? అనంతపురం వెళ్లాలన్నా బెంగళూరు దాకా విమానంలో వెళ్లి వెనక్కు రావడం మంచిదా?
— సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, మియాపూర్

జవాబు: 800 అన్నది పైకి ఎక్కి కుదురుకున్నాక ఉండే వేగం. జెట్ విమానం ఆ ఎత్తుకు ఎక్కడానికి ఇరవై నిమిషాల దాకా పడుతుంది. దిగడం కూడా గమ్యానికి దాదాపు 200 కిలోమీటర్ల ముందు నుంచే మొదలవుతుంది. 455 కిలోమీటర్లలో ఎక్కడం, దిగడం పోగా మిగిలేది కాస్తంతే. మీకు మంచినీళ్లు, బిస్కెట్లు ఇచ్చి ఖాళీ కప్పులు తీసుకునేలోపే బెల్టు పెట్టుకోమంటారు చూడండి, అందుకే. పైగా విమానం గాలికి ఎదురుగా లేచి, ఎదురుగా దిగాలి కాబట్టి, ఒక్కోసారి బెంగళూరు వైపు కాకుండా మరో దిక్కుకు లేచి తిరగవలసి వస్తుంది. అక్కడ దిగేటప్పుడు వరుసలో తన వంతు కోసం చక్కర్లు కొట్టవలసి రావచ్చు. నేల మీద రన్‌వే దాకా దొర్లడం, దిగాక నిలిచే చోటికి దొర్లడం కూడా టికెట్ మీది గంటంబావులో కలిసే ఉంటాయి. కొన్ని నిమిషాలు సంస్థలు ఆలస్యాలకు ముందే కలుపుకుంటాయి. మీరు పది నిమిషాలు ముందు దిగి మురిసిపోవడం వెనక ఉన్న రహస్యం అదే.

హైదరాబాద్–బెంగళూరు దారిలో నాకు నచ్చే ముచ్చట ఒకటుంది. 2008లో మార్చిలో శంషాబాద్, మేలో దేవనహళ్లి విమానాశ్రయాలు మొదలయ్యాయి. ఆ రెండూ ఇప్పుడు 44వ నంబరుగా పిలుస్తున్న పాత ఏడో నంబరు జాతీయ రహదారిని ఆనుకునే ఉన్నాయి. ఇది మన నగరం నుంచి దక్షిణంగా, వారి నగరం నుంచి ఉత్తరంగా పోయే ఒకే రోడ్డు. సుమారు 570 కిలోమీటర్ల ఆ రోడ్డు మీద వెళ్లేవారు షాద్‌నగర్, జడ్చర్ల, కర్నూలు, గుత్తి, అనంతపురం, పెనుకొండ, బాగేపల్లి దాటి, బెంగళూరుకు ముందు ఆ విమానాశ్రయం పక్కగానే పోతారు.

అందువల్ల మీ రెండో ప్రశ్నకు జవాబు కూడా ఆ రోడ్డు మీదే ఉంది. అనంతపురం ఇక్కడికి సుమారు 360 కిలోమీటర్లు, తెల్లవారుజామున బయలుదేరితే ఆరున్నర గంటలు. దేవనహళ్లిలో దిగితే మళ్లీ సుమారు 180 కిలోమీటర్లు వెనక్కు రావాలి, మూడు గంటలు. దానికి మియాపూర్ నుంచి శంషాబాద్, తనిఖీలు, గంటంబావు కలిపితే ఎనిమిది గంటలకు దగ్గర పడుతుంది. రోడ్డు మీదే వెళ్లండి.

ప్రశ్న: కిలోమీటరు రాళ్ల తలలు ఒకచోట పసుపు, ఒకచోట ఆకుపచ్చ. ఏమైనా అర్థం ఉందా?
— ఒక పాఠకుడు, ఘట్‌కేసర్

జవాబు: ఉంది. పసుపు తల జాతీయ రహదారికి, ఆకుపచ్చ రాష్ట్ర రహదారికి, నారింజ గ్రామీణ రోడ్డుకు. దారి తప్పి ఊళ్లోకి దిగిపోయామా అన్న అనుమానం వస్తే ఫోన్ తీసేకన్నా ముందు రాయి తల చూడవచ్చు.

ప్రశ్న: ఎనభై ఏళ్లు దాటిన మా అత్తగారిని తిరుపతి తీసుకెళ్లాలి. కారైతే ఎక్కడ కావాలంటే అక్కడ ఆగవచ్చని మావాళ్లు అంటున్నారు. విమానం ఎక్కించమంటారా?
— ఒక పాఠకురాలు, తార్నాక

జవాబు: నేనైతే ఎక్కిస్తాను. తిరుపతికి రోడ్డు మార్గం మీరు పట్టే దారిని బట్టి 550 నుంచి 600 కిలోమీటర్లు, పది పదకొండు గంటలు. ఆగవచ్చు నిజమే, కానీ పెద్దవారికి ఆగిన ప్రతిసారీ దిగడం, ఎక్కడమే శ్రమ. మోకాళ్ల నొప్పులుంటే మరీను. విమానం రేణిగుంటలో గంటంబావులో దింపుతుంది, అక్కడి నుంచి తిరుపతి పదిహేను కిలోమీటర్లే. తార్నాకలో గడప దాటిన అయిదున్నర గంటల్లో తిరుపతిలో గది చేరతారు. టికెట్ తీసుకునేటప్పుడే చక్రాల కుర్చీ అడగండి. శంషాబాద్‌లో నడవవలసిన దూరం తక్కువేమీ కాదు, మన దూరాల లెక్కల్లో అందరూ మరిచిపోయేది అదే.

విమానం అంటే ఆమెకు భయమైతే, 2023 ఏప్రిల్‌లో మొదలైన సికింద్రాబాద్–తిరుపతి వందే భారత్ ఉంది. నల్లగొండ, గుంటూరు, ఒంగోలు, నెల్లూరు మీదుగా ఎనిమిదిన్నర గంటల లోపే. తార్నాకకు సికింద్రాబాద్ స్టేషను దగ్గర కాబట్టి ఇళ్ల మధ్య లెక్క పది గంటల లోపే ముగుస్తుంది, ఆమె లేచి నాలుగు అడుగులు వేయనూ వచ్చు. కారును మాత్రం మూడోదిగా పెట్టుకోండి.

ఏది ఎంచుకున్నా, కొండ ఎక్కడానికి పట్టే సమయాన్ని వేరుగా లెక్కించండి. అలిపిరి దగ్గర సామాన్లన్నీ దింపి తనిఖీ చేయించుకోవాలి, ఆ తరవాత ఘాట్ రోడ్డు మలుపులు. రద్దీ రోజుల్లో ఈ రెంటికీ కలిపి గంటన్నర ఉంచుకోవడం మంచిది. అర్ధరాత్రి తరవాత కొన్ని గంటలు ఘాట్ రోడ్డు మూసి ఉంచుతారు, కనుక రాత్రి విమానంలో దిగేటట్లయితే ఆ పూటకు తిరుపతిలోనే గది తీసుకుని, ఆమెను పడుకోబెట్టి, తెల్లవారాక పైకి బయలుదేరండి.